ఆది జాకెట్లు

ట్రంకు మూత ఎత్తగానే ముందు కలరా ఉండల వాసన వచ్చింది, దాని వెనకాలే పాత గుడ్డల వాసన. సుగుణమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, మూత వెనక్కి పడిపోకుండా కుట్టుమిషను కాలికి ఆనించి, లోపలికి చూసింది. మడతపెట్టిన జాకెట్లు. వరుసలు వరుసలుగా ఉన్నాయి. ఒక్కోదాని మెడ దగ్గర గుండుసూదితో గుచ్చిన గుడ్డపేలిక, దాని మీద స్కెచ్ పెన్నుతో ఒక పేరు.

అవి ఆమెవి కావు. జాకెట్టు కుట్టించుకునే ప్రతి మనిషీ కొత్త గుడ్డతో పాటు, ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి కొలతకు ఇచ్చిపోతుంది. అది ఆది జాకెట్టు. కొత్తది తీసుకుపోయే రోజున దాన్నీ తీసుకుపోవాలి. కొందరు మరిచిపోతారు. కొందరు "ఉండనీ అక్కా, మళ్ల వచ్చేది మేమే గద" అంటారు. తర్వాత ఇల్లు మారతారు, లావెక్కుతారు, రెడీమేడ్‌కు అలవాటు పడతారు. ఒకరిద్దరు కాలం చేశారు కూడా. ఛత్రినాకలో ఆ ఇంటి ముందుగదిలో ఇరవై ఆరేళ్లుగా అలా మిగిలిపోయినవి ఒక ట్రంకు, రెండు గోనెసంచులు అయ్యాయి.

"శుక్రవారం కల్లా రూము ఖాళీ అయితదా అమ్మా?" గడపలో వంగి బూట్ల లేసులు కట్టుకుంటూ శ్రవణ్‌కుమార్ అడిగాడు. "శనివారం పొద్దుగాల ఐదింటికి కారొస్తది. మనం తిరిగొచ్చినంక సోమవారం పేయింటోళ్లు దిగుతరు."

"అయితది పో బిడ్డా."

"కాకుంటే చెప్పు. కబాడీ వాన్ని పిలిచి ఒక్కసారే ఎత్తిచ్చేద్దాం. ఏమున్నది ఇండ్ల, అంత చెత్తనే గద."

ముందుగది ఇక కోడలు కీర్తిప్రియది. ఆమె బ్యూటీపార్లర్ పని నేర్చుకుని ఏడాదిగా అద్దె గదుల కోసం తిరిగి తిరిగి, చివరికి ఇంట్లోనే పెట్టుకుంటానన్నది. "నాకు మెట్ల కింద జాగ చాలు, మిషన్ పడితే అయిపాయె" అని ముందు అన్నది సుగుణమ్మే. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నది. ఇప్పుడూ కోపమేమీ లేదు. నడుము మాత్రం పొద్దున్నుంచే లాగుతోంది.

పార్లర్ తెరిచాక ఆదివారాలు దొరకవని, ఈలోపే ఇంటిల్లిపాదీ వెళ్లి సముద్రం చూసి రావాలని కీర్తిప్రియే అనుకున్నది. బాపట్ల దగ్గర సూర్యలంక. రెండు రోజులు. సైదాబాద్ నుంచి ఆమె తల్లి శారదమ్మ కూడా వస్తుంది. ఆ మాట అన్న రోజు నుంచీ సుగుణమ్మ మిషన్ తొక్కుతున్నంతసేపూ కాలితో పాటు లోపల ఒక లెక్క నడుస్తోంది. ఇంకా పన్నెండు రోజులు. తొమ్మిది. ఇవాళ్టికి ఐదు.

ప్రయాణం ఖాయమైన దగ్గర్నుంచి పని రెట్టింపైంది. మనవరాలు శ్రీహితకు రెండు గౌన్లు కుట్టాలి. కీర్తిప్రియ కుర్తాలు మూడింటికి చేతులు పొట్టి చేయాలి. శారదమ్మకు చేతుల మీద మగ్గం పని చేసిన జాకెట్టు. అవన్నీ శుక్రవారానికే కావాలి. గది ఖాళీ కావాల్సిందీ శుక్రవారానికే.

మంగళవారం వంట దింపి, కస్టమర్ల నంబర్లు రాసుకున్న పాత నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంది. ఎవరి వస్తువు వాళ్లకు చెప్పకుండా పారేయడానికి ఆమెకు చేయి రాలేదు.

"హలో, స్రవ్యనా? నేను బిడ్డా, ఛత్రినాక టైలర్ సుగుణమ్మను."

"ఏ సుగుణమ్మ?"

"నీ లగ్గం జాకెట్లు కుట్టిన గద. ఆకుపచ్చది, చేతుల మీద నెమళ్లు."

"అయ్యో ఆంటీ! మీరింకా కుడుతున్రా?"

"నీ ఆది జాకెట్ నా దగ్గర్నే ఉన్నది. రూము ఖాళీ చేస్తున్న. వచ్చి కొంచవోతవేమోనని."

అవతల నుంచి పెద్ద నవ్వు. "ఆంటీ, అది ఇప్పుడు నా చేతికి గూడ ఎక్కదు! పారెయ్యుర్రి."

ఇంకొకామె రెండో మాట వినకముందే మాకు లోన్లు వద్దని పెట్టేసింది. మరొక నంబరు ఎత్తిన మగమనిషి పేరు విని, "అది మా అమ్మది. పోయి మూడేండ్లాయె," అన్నాడు. "ఉంచుర్రి, నేనొస్త." అంతలోనే మాట మార్చాడు. "వద్దు తియ్యుర్రి. తెచ్చి ఏడ పెడ్త? మీ ఇష్టమమ్మా."

ఇరవై మూడు ఫోన్లు చేస్తే సాయంత్రానికి నలుగురు వచ్చారు. ఆ నలుగురిలో ఒకామె తన జాకెట్టు తీసుకుని, రేపు మగపెండ్లివారింటికి పోవాలని చెప్పి, అంచుకు పికో కుట్టమని కొత్త చీర ఇచ్చిపోయింది. వద్దనడానికి నోరు రాలేదు. ఆ చీరను కీర్తిప్రియ కుర్తాల మీద పెట్టింది.

శ్రీహిత స్కూలు నుంచి వచ్చి బ్యాగు విసిరేసి, గుండీల డబ్బాలన్నీ నేల మీద గుమ్మరించింది. ఒక డబ్బా అడుగున అగ్గిపెట్టె దొరికింది. ఊపితే లోపల గలగలమనలేదు, సన్నగా జరిగినట్టు చప్పుడైంది.

"ఇండ్ల ఏమున్నది నానమ్మా?"

"సముద్రం."

"నాకు తెల్వదనుకుంటున్నవా? ఇది ఇసుక!"

"సముద్రం ఇసుకనే బిడ్డా. ఎన్కట ఒకామె పండక్కి వైజాగ్ పోయొచ్చి జాకెట్ లూజు చేయమని ఇచ్చింది. చంక కింద కుట్టు విప్పితే మడతలకెంచి రాలింది. మిషన్‌ల పడితే పాడైతదని దులిపి దీంట్ల పోసిన."

శ్రీహిత చూపుడువేలితో ఇసుకను కదిపి చూసింది. చిటికెడు కూడా లేదు. ఇంత కొంచెమేనా అన్నట్టు మొహం పెట్టింది. "శనివారం నీకు బాటిల్‌ల నింపి తెస్త," అన్నది.

"నేను గూడ వస్తున్న గదనే."

"అవునా!" అని, తెలిసిన సంగతికే కొత్తగా గంతులు వేసింది.

బుధవారం మధ్యాహ్నం కీర్తిప్రియ హాల్లో అద్దాల బీరువా ముందు నిలబడింది. అందులో మామగారు అమరనాథ్ రేడియోలు ఉన్నాయి. ముప్పై ఒకటి. కొయ్య డబ్బాలవి, తోలు సంచుల్లోవి, వాల్వులవి, చేతిలో ఇమిడేవి. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైనా ఆయన చేయి ఊరుకోదు. గురువారం వస్తే జుమేరాత్ బజారులో పాత సామాన్ల కుప్పల మధ్య కూర్చుంటాడు.

"మామయ్యా, నా కుర్చీల పెట్టెలు రేపొస్తయ్. రెండు రోజులు పెట్టుకోనీకి కింది అర ఒక్కటి ఖాళీ చేస్తరా?"

"కింది అరల ఏమున్నయో ఎర్కేనా?" స్క్రూడ్రైవరు పక్కన పెట్టి అమరనాథ్ కళ్లజోడు పైకి తోశాడు. "దాంట్ల ఒకదాని కోసం బేగంపేట నుంచి ఒకాయన కారేస్కొని వచ్చి ఫోటోలు దిగిచ్చుకొని పోయిండు. ఇది షోకు, కీర్తీ. చెత్త కాదు అటిటు కదిలియ్యనీకి."

"చెత్త అన్లే మామయ్యా."

"మీ అత్తమ్మ రూము ఖాళీ చేస్తుంది గద. ఆడ పెట్టుకో."

సుగుణమ్మ అక్కడే స్టూలు మీద నిలబడి పైఅర తుడుస్తోంది. వారానికోసారి ఆమె చేసే పని అది. జాలీల సందుల్లో దుమ్ము గుడ్డకు రాదు, పాత పళ్లబ్రష్షుతో తీయాలి. ఏ రేడియోకు ఏ మీట వదులుగా ఉందో ఆమె చేతికి తెలుసు. వదులుగా ఉన్నదాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, రెండో చేత్తో బ్రష్షు తిప్పింది. దిగేటప్పుడు కీర్తిప్రియ స్టూలు పట్టుకున్నది.

రాత్రి రొట్టెల దగ్గర అమరనాథే మాట ఎత్తాడు. "మరి అందరం పోతే ఇల్లెవరు చూస్తరు?"

"తాళమేసి పోదాం బాపు. రెండు రోజులే గద," అన్నాడు శ్రవణ్.

"ఎదురింటి వైకుంఠం గూడ రెండు రోజులే అనుకున్నడు. పెండ్లికి పోయొచ్చేసరికి తాళం ఇరగ్గొట్టి బీరువ తెరిచిండ్రు. ఎంత కాలమైంది? నెల గూడ కాలే. మనింట్ల గవన్ని ఉన్నయని గల్లీల ఎవరికి తెల్వదు?" అని బీరువా వైపు గడ్డం చూపాడు.

ఎవరూ ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. పొయ్యి ముందు రొట్టె చరుస్తున్న సుగుణమ్మ వైపు ముగ్గురూ ఒకసారి చూసి, మళ్లీ కంచాల్లోకి చూసుకున్నారు.

"మీ అమ్మ ఉంటది తియ్," అన్నాడు అమరనాథ్. "ఆమెకు బీపీ గూడ ఉన్నది, ఎండల తిరగలేదు. శనివారం నల్లా గూడ వస్తది. నీళ్లు పట్టకుంటే వచ్చినంక కాళ్లు కడుక్కోనీకి గూడ ఉండయ్."

శ్రవణ్ నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. "అమ్మా, ఎండకాలం పోయినంక నువ్వు నేను ఇద్దరమే ట్రెయిన్ల వైజాగ్ పోదాం. పక్కా."

"సరే బిడ్డా."

"నానమ్మ వస్తా అన్నది!" అంది శ్రీహిత.

"తిను ముందు," అని కీర్తిప్రియ కూతురి కంచంలో కూర వేసింది. ఎక్కువ వేసింది.

సుగుణమ్మ చేతికింద రొట్టె ఒక పక్క పలచబడి చిరిగింది. దాన్ని మళ్లీ ముద్ద చేసి, పిండి చల్లి, మొదట్నుంచి చరిచింది. ఆ రొట్టె తన కోసం పెట్టుకున్నది. పెనం మీద వేశాక ఆకలి లేదనిపించింది.

గురువారం అమరనాథ్ పొద్దున్నే జుమేరాత్ బజారుకు పోయాడు. పదకొండింటికి బిల్కీస్ వచ్చింది. షాలిబండలో ఉంటుంది. ఇరవై ఏళ్లుగా మగ్గం పని బిల్కీస్‌ది, కుట్టుపని సుగుణమ్మది. ఒకరు పూలు కుడితే ఇంకొకరు చేతులు అతుకుతారు. బురఖా తీసి తలుపుకు తగిలించి, సంచిలోంచి శారదమ్మ జాకెట్టు చేతులు తీసింది. మోచేతి దాకా జరీ, పూసలు.

"యే క్యా హై సుగుణా? సముద్రంల మగ్గం పని జాకెట్ ఎందుకంట మీ వియ్యపురాలికి? చేపలు చూసి వాహ్ వాహ్ అంటయా?"

సుగుణమ్మ నవ్వింది. మూడు రోజుల్లో మొదటిసారి. ఆమె నేల మీద కాళ్లు చాపుకుని ఆది జాకెట్ల హుక్కులు కోస్తోంది. కబాడీ సంచిలో వేసే ముందు ఒక్కోదానికి ఐదేసి హుక్కులు బ్లేడుతో కోసి డబ్బాలో వేసుకోవాలి. మెడ దగ్గర పేరు ఊడదీయాలి. పేరుతో సహా కబాడీ త్రాసు మీదికి పోవడం ఆమెకు ఇష్టం లేదు.

బిల్కీస్ ఎదురుగా కూలబడి తానూ ఒక బ్లేడు అందుకున్నది. కాసేపు హుక్కులు డబ్బాలో పడే చప్పుడే వినిపించింది.

"ఎన్నింటికి కారు?"

"నేను పోతలే."

"క్యూఁ? పది రోజుల సంది నా తల తింటివి గద సముద్రం సముద్రం అని."

"ఇల్లు చూడాలె. మొన్న వైకుంఠం ఇంట్ల దొంగలు పడ్డరు గద. ఆయనకు రేడియోల ఫికర్."

"రేడియోలు ఆయనయి. ఫికర్ ఆయనది. కావలి నీదా?"

సుగుణమ్మ మరో జాకెట్టు అందుకున్నది. హుక్కు గట్టిగా కుట్టి ఉంది, తన చేతి కుట్టే, తెగడం లేదు. బ్లేడు జారి బొటనవేలికి తగిలింది. వేలు నోట్లో పెట్టుకున్నది.

బిల్కీస్ లేచి మెట్ల కిందికి పోయి చూసింది. వంగి లోపలికి దూరి, లేవబోయి నెత్తి కొట్టుకున్నది. "అరే అల్లా! ఈడ కూసొని కుడ్తవా? సూదిల దారం ఎక్కియ్యనీకి టార్చి కొట్టాలె ఎవరన్నా." తల రుద్దుకుంటూ వచ్చింది. "మా వసారా పగలంత ఖాళీనే. మా బిడ్డ అలీనా స్కూలుకు పోతది పాఠాలు చెప్పనీకి, షఫీ దుకాణంకు పోతడు. కిటికీ తూర్పుకున్నది. మగ్గం ఒక దిక్కు, నీ మిషన్ ఒక దిక్కు. గిరాకీ గూడ నా దగ్గరికొచ్చెటోళ్లే నీ దగ్గరికొస్తరు."

"ఇంట్ల పని?"

"పొద్దున చేసి రా. పక్కన్నే గద, షేర్ ఆటో ఎక్కితే దిగేంత దూరం గూడ లేదు."

సుగుణమ్మ సంచి మూతి బిగించి, ఇంకో సంచి దగ్గరికి జరిగింది. దాంట్లో జాకెట్లు లేవు. మడతపెట్టిన పెద్ద బొంత ఉంది. బిల్కీస్ ఒక కొస పట్టి లాగింది. అరచేతంత ముక్కలు వందలుగా అతికి ఉన్నాయి. కుట్టిన ప్రతి జాకెట్టులోంచీ మిగిలిన ముక్క ఒకటి. పట్టు, కాటన్, సిల్కు, చమ్కీ. ఇంకా ఒక పక్క అంచు పూర్తి కాలేదు.

"ఇది స్రవ్య నెమళ్ల జాకెట్‌ది," సుగుణమ్మ వేలు పెట్టి చూపించింది. "ఇది మీ అలీనా తొలిసారి చీర కట్టినప్పటిది. ఇది ఎవలదో యాదికొస్తలే."

"ఇదెప్పుడు కుడ్తవే నువ్వు?"

"కరెంటు పోయినప్పుడు. చేతి కుట్టు గద."

"ఇది షోక్ కాదా సుగుణా?" అంది బిల్కీస్. నవ్వడం లేదు. "మీ ఆయనకు అద్దాల బీరువా. దీనికి గోనెసంచి."

సుగుణమ్మ బొంతను మళ్లీ మడవబోయి, మడవకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది.

వెళ్లే ముందు బిల్కీస్ ఖాళీ అయిన ట్రంకులోకి చూసి అడిగింది, "గిన్ని ఆది జాకెట్లు. నీదేది?"

"నాకెందుకు? నా ఒళ్లు నాకు తెల్వదా? కండ్ల అంచనాతోని కోస్కుంట."

"అందుకే చంకల కాడ లాగుతది నీకు, వెనక లూజు ఉంటది. ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. లే, నిలబడు." మెడలో వేలాడుతున్న టేపు లాక్కుని బిల్కీస్ ఆమె చుట్టూ చేతులు తిప్పింది. వేలికొసలు చల్లగా ఉన్నాయి. "చెయ్యెత్తు. దించు. ఊపిరి బిగబట్టకు, మామూల్‌గ తీస్కో." కొలతలు ఒక్కొక్కటీ పైకి చదివింది. ఈ గదిలో ఇన్నేళ్లుగా చేతులెత్తి నిలబడినవాళ్లు వేరు, చుట్టూ తిరిగి కొలిచింది సుగుణమ్మ. టేపు తన వీపు మీద పాకుతుంటే ఎక్కడ చూడాలో ఆమెకు తెలియలేదు. గోడ మీద క్యాలెండరు చూసింది.

బిల్కీస్ కొలతలను గుడ్డపేలిక మీద రాసి, పైన పేరు వేసింది.

మధ్యాహ్నం అమరనాథ్ ఆటోలో వచ్చాడు. ఒళ్లో గోనెపట్టాలో చుట్టిన రేడియో. ముప్పై రెండోది.

శుక్రవారం పదింటికల్లా కబాడీ వచ్చి ట్రంకు, జాకెట్ల సంచులు ఎత్తుకుపోయాడు. పదిన్నరకు బిల్కీస్ మొగుడు షఫీఉద్దీన్ ట్రాలీ ఆటోతో వచ్చి గడపలో నిలబడ్డాడు. "భాభీ, మిషన్ ఇస్తరా?" అన్నాడు, చక్కెర అడిగినట్టు. సుగుణమ్మ కాసేపు తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత కొంగు దోపుకుని, మిషన్ పైభాగం తానే పట్టుకున్నది. దాని వెంట కత్తెరలు, ఇస్త్రీ పెట్టె, హుక్కుల డబ్బా, దారాల పెట్టె. అమరనాథ్ హాల్లో కొత్త రేడియో వెనకభాగం విప్పి అందులోనే తల పెట్టి ఉన్నాడు. చప్పుడు విని, "కబాడీ ఇంక పోలేదా?" అన్నాడు తల ఎత్తకుండా.

షాలిబండలో తూర్పు కిటికీ కింద మిషన్ దించి, ఆ వెలుతురులోనే మొదట శారదమ్మ జాకెట్టు ముగించింది. తర్వాత సంచిలో అడుగున ఉన్న నీలం కాటన్ గుడ్డ తీసింది. ఎప్పుడో మిగుల్చుకున్నది. గుడ్డపేలిక ముందు పెట్టుకుని, చాక్‌పీసుతో గీత గీసింది. తన అంచనా కన్నా చంక దగ్గర ముప్పావు అంగుళం ఎక్కువ వచ్చింది. ఒక క్షణం ఆగి, రాసి ఉన్నట్టే కోసింది. బిల్కీస్ మగ్గం మీంచి ఓరగా చూసి సూది ఆడిస్తూనే ఉంది.

నాలుగింటికి ఇంటికి వచ్చేసరికి ముందుగది ఖాళీగా లేదు. గోడ వారగా కొయ్య రేడియోలు ఐదు కూర్చుని ఉన్నాయి. కొత్తదానికి బీరువాలో జాగా చేయడానికి అమరనాథ్ వాటిని ఇటు జరిపాడు. కీర్తిప్రియ కుర్చీల పెట్టెలు వాకిట్లో ఎండలో ఉన్నాయి. ఆమె వాటి పక్కనే నిలబడి, ఎవరికో చెప్పబోయి మానుకున్నట్టు పెదవి కొరుకుతోంది.

సుగుణమ్మ రేడియోలను చూసింది. గుండీల డబ్బాలో ఉన్న అగ్గిపెట్టె తీసి, వాకిట్లోకి వచ్చి, తులసి కోట పక్కన మట్టిలో ఇసుక గుమ్మరించింది. శ్రీహిత పరుగెత్తుకు వచ్చింది. "ఎందుకు పారేసినవ్?"

"అక్కడికే పోతున్నం గద."

రాత్రి అన్నాలయ్యాక బ్యాగులు హాల్లోకి వచ్చాయి. అమరనాథ్ తన బ్యాగులో తువ్వాలు సర్దుకుంటూ చెప్పుకుపోతున్నాడు. "సుగుణా, ముందురూంల వాటి మీద దుప్పటి కప్పి పెట్టు. రాత్రి హాల్ల లైటు ఆర్పకు. ఎవరన్నా బెల్లు కొడ్తే కిటికీలకెంచి చూసి..."

"నేను గూడ వస్తున్న," అంది సుగుణమ్మ. ఆమె శ్రీహిత గౌనుకు చివరి గుండీ కుడుతోంది.

"ఏడికి?"

"సూర్యలంకకు."

అమరనాథ్ కొడుకు వైపు చూశాడు. శ్రవణ్ తల్లి వైపు చూశాడు. "అమ్మా, మరి ఇల్లు..."

"ఇంట్ల నాదేమున్నది బిడ్డా, చూడనీకి?" గొంతు పెరగలేదు. దారం పంటితో తెంపింది. "రూము ఖాళీ చెయ్యమంటిరి, చేసిన. ఎవల సామాన్ వాళ్లకిచ్చిన. నాకు కావలి ఉండనీకి ఏం మిగల్లే."

"మిషన్?" అన్నాడు అమరనాథ్. లేచి మెట్ల దగ్గరికి పోయాడు. వంగి చూశాడు. ముందుగదిలోకి పోయి లైటు వేసి చూశాడు. రేడియోల ఎదుటి గోడ మీద ఇరవై ఆరేళ్లుగా మిషన్ ఆనిన చోట సున్నం తెల్లగా ఉంది. తిరిగి వచ్చాడు. "మిషన్ ఏది?"

"షాలిబండల ఉన్నది. బిల్కీస్ వసారాల. సోమవారం సంది ఆడనే కుడ్త."

"నాకు చెప్పలే!"

"అడగలే నువ్వు. కబాడీ పోలేదా అని అడిగినవ్."

కీర్తిప్రియ వంటింటి గుమ్మంలోంచి మొహం పక్కకు తిప్పుకున్నది. నవ్వుకు భుజాలు కదిలాయి. తర్వాత హాల్లోకి వచ్చి, సుగుణమ్మ చేతిలోంచి గౌను తీసుకుని, "మీ బ్యాగు ఏది అత్తమ్మా? సర్దినరా?" అన్నది.

"సంచి ఉన్నది. అదే."

"సరే, అయితే తాళమేసి అందరం పోదాం," అన్నాడు అమరనాథ్ గట్టిగా, ఎవరో అడ్డం చెప్పినట్టు. "ఏమైతది? రెండు రోజులే గద."

"నీ ఇష్టమయ్యా," అంది సుగుణమ్మ.

ఐదింటికి కారు వచ్చింది. గల్లీలో ఇంకా చీకటిగానే ఉంది. శారదమ్మ ముందే సైదాబాద్ నుంచి వచ్చి, మగ్గం పని జాకెట్టు తొడుక్కుని, నడి సీట్లో కూర్చుని, "వదినె, చేతులు మంచిగ కూసున్నయ్!" అని మోచేతులు చూపించింది. కీర్తిప్రియ అందరికన్నా ముందు సుగుణమ్మ సంచిని కారులో పెట్టి, వెనక సీటు కిటికీ పక్కన కూర్చోబెట్టింది. నీలం జాకెట్టు చంకల దగ్గర లాగడం లేదు. చేయి పైకెత్తి పిడి పట్టుకుంటే కూడా లాగడం లేదు. ఆమె రెండుసార్లు పట్టుకుని చూసింది.

అమరనాథ్ తాళం వేసి వచ్చి కూర్చున్నాడు. దిగాడు. తాళం లాగి చూసి వచ్చాడు. కూర్చున్నాడు. డ్రైవరు బండి తీయబోతే, "ఒక్క నిమిషం" అని మళ్లీ దిగి, ముందుగది కిటికీ రెక్క నొక్కి చూశాడు. ఎదురింటి తలుపుకు వైకుంఠం కొత్తగా వేయించిన ఇనుప గొళ్లెం మీద వీధిలైటు పడుతోంది. అమరనాథ్ దానికేసి చాలాసేపు చూశాడు.

వచ్చి కారు డిక్కీ తెరిచి తన బ్యాగు తీసుకున్నాడు.

"బాపు, ఏంది?" అన్నాడు శ్రవణ్.

"మీరు పోయి రండిరా. నాకు ఎండ పడదు." ఎవరి మొహమూ చూడలేదు.

సుగుణమ్మ కిటికీ అద్దం దించింది. ఆయన కారు పక్కన నిలబడి ఉన్నాడు. పొద్దున్నే దువ్వుకున్న తల, ఇస్త్రీ చొక్కా, చేతిలో బ్యాగు. ఆమెకు కోపం రాలేదు. జాలి కూడా పెద్దగా రాలేదు. వాటికి కూడా ఓపిక కావాలి.

"ఆరున్నరకు నల్లా వస్తది," అంది. "మొదటి రెండు బిందెలు ఎర్రగ వస్తయ్, పారబొయ్. తర్వాత సంపు మూత తెరువు. మోటరు స్విచ్చి మెట్ల కింద ఉన్నది, నెత్తి జాగ్రత్త."

కారు కదిలింది. ఛత్రినాక గల్లీలు దాటి పెద్ద రోడ్డెక్కేసరికి తూర్పున తెల్లబడింది. శారదమ్మ సముద్రపు అలలకు ఎంతమంది కొట్టుకుపోయారో లెక్క చెబుతోంది. సుగుణమ్మ సంచిలోంచి బొంత తీసి భుజాల మీదుగా కప్పుకున్నది. అంచు కుట్టని పక్క దారాలు వేలాడుతున్నాయి. శ్రీహిత వచ్చి అందులో దూరి, ముక్కల మీద వేలు పెట్టి, "ఇది ఎవరిది? ఇది?" అని అడగసాగింది. రెండింటికి జవాబు చెప్పింది. మూడోదానికి నాలుక తిరగలేదు. వారం రోజుల నిద్ర ఒక్కసారే కళ్ల మీదికి వచ్చింది. తల కిటికీకి ఆనించింది.

"సముద్రం వచ్చినంక లేపు బిడ్డా," అంది.

"ఇంక మస్తు దూరమున్నది నానమ్మా."

"ఉండనీ."